నమ్మకం అడగని సాధన: యోగంతో, బౌద్ధ ధ్యానంతో నా అనుభవం

నేను దేవుణ్ణి నమ్మను. పునర్జన్మ ఉందనిగాని, ఆత్మ ఒక శరీరాన్ని విడిచి మరొక శరీరంలోకి వెళుతుందనిగాని నాకు ఎన్నడూ నమ్మకం కుదరలేదు. అయినా కొన్నేళ్లుగా నా రోజు యోగాసనాలతోను, ఆ వెంటనే శ్వాస మీద ధ్యానంతోను మొదలవుతోంది. ఈ సంగతి తెలిసినప్పుడు ఆస్తికులైన మిత్రులు ఒక విధంగాను, హేతువాదులైన మిత్రులు మరొక విధంగాను అభ్యంతరం చెబుతుంటారు. భక్తి లేని యోగం వట్టి కసరత్తేనని మొదటివారి మాట. ఎంత వడగట్టినా అది మతమేనని రెండవవారి మాట. ఈ రెండింటిలోనూ ఆలోచించవలసిన విషయం ఉంది కాబట్టి, ఏది ఉంచుకున్నాను, ఏది వదిలాను, ఎందుకలా చేశాను అన్నది వివరంగా రాస్తున్నాను.

నన్ను ఈ సాధన వైపు నడిపించినది నిద్రలేమి. పడుకోగానే పగలు జరిగిన సంభాషణలన్నీ మనసులో మళ్లీ మొదలయ్యేవి. నేను అనవలసి ఉండి అనలేకపోయిన మాటలు, ఎదుటివారు అని ఉండకూడని మాటలు తెల్లవారుజాము దాకా వదిలేవి కావు. గంటల తరబడి కూర్చుని చేసే పని వల్ల నడుము బిగుసుకుపోయి ఉండేది. పరీక్షలు చేసిన వైద్యులు జబ్బేమీ లేదని చెప్పి, యోగాసనాలు నేర్చుకోమని సలహా ఇచ్చారు.

నాకు నేర్పిన గురువు తన విద్యలో నిజంగా ఆరితేరినవారు. ఎవరి భుజం ఎక్కడ పట్టేసిందో దూరం నుంచే చూసి చెప్పేవారు. అయితే ఆయన ప్రతి ఆసనాన్నీ ఒక చక్రంతో, ప్రతి శ్వాసనూ ఒక నాడితో, అంటే ప్రాణశక్తి ప్రవహిస్తుందని యోగం చెప్పే మార్గంతో, ముడిపెట్టి వివరించేవారు. తరగతి ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగిసేది. ఆయన చేయించే పని మేలు చేస్తోందని నా శరీరం చెబుతుండగా, ఆయన ఇచ్చే వివరణను నా బుద్ధి ఒప్పుకోలేదు. ఆ ఇరకాటంలో నుంచే నేను రెండు ప్రశ్నలను తయారు చేసుకున్నాను. ఈ సూచన నన్ను ఏమి చేయమంటోంది? అది చేయడానికి నేను ముందుగా దేన్నైనా నమ్మవలసి ఉందా? ఆ తర్వాత నేను నేర్చుకున్న ప్రతి అంశాన్నీ ఈ రెండు ప్రశ్నల ముందు నిలబెట్టి చూశాను.

ఆసనాల విషయంలో సమాధానం సులభంగానే దొరికింది. యోగసూత్రాలలో పతంజలి ఆసనం గురించి చెప్పినవి మూడే సూత్రాలు; అందులో మొదటిది ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని మాత్రమే అంటుంది. 15వ శతాబ్దానికి చెందిన హఠయోగ ప్రదీపిక వర్ణించే ఆసనాలు 15. ఈనాడు తరగతుల్లో కనిపించే వందలాది భంగిమలలో, వాటిని వరుసగా కూర్చిన పద్ధతులలో చాలా భాగం 20వ శతాబ్దంలో, ముఖ్యంగా 1930లలో మైసూరు రాజాస్థానపు ఆదరణలో కృష్ణమాచార్యులు, ఆ తర్వాత ఆయన శిష్యులు తీర్చిదిద్దినవి. ఇంత మార్పు చూసిన విద్యను నా శరీరానికి తగినట్టు మరికాస్త మార్చుకోవడం అపచారం కాదని నాకు అనిపించింది. పద్మాసనం నా కూర్చునే ఆసనం కాలేదు. ఆ భంగిమలో తొడ ఎముక తుంటి దగ్గర బాగా బయటికి తిరగాలి. అక్కడ తిరగని మెలికంతా మోకాలి మీద పడుతుంది. మోకాలి కీలు ప్రధానంగా ముడవడానికి, చాపడానికి ఏర్పడినది కాబట్టి ఆ మెలికను భరించలేదు. నేను దళసరి దిండు మీద తుంటిని ఎత్తులో ఉంచి, మోకాళ్లు నేలకు ఆనేలా మామూలుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. పశ్చిమోత్తానాసనంలో ముందుకు వంగేటప్పుడు ఎంత దూరం వెళ్లాలో నా శ్వాసే చెబుతుంది. ఊపిరి గొంతు దగ్గర పట్టేసిందంటే హద్దు దాటానన్న మాట; అక్కడి నుంచి కొద్దిగా వెనక్కి వచ్చి, ఊపిరి మళ్లీ పొట్ట దాకా సాఫీగా దిగేచోట ఆగుతాను. ఇందులో నమ్మవలసినది ఏదీ లేదు, శ్రద్ధగా గమనించవలసినది మాత్రం చాలా ఉంది.

ఓంకారం దగ్గర నేను ఎక్కువ కాలం ఆగవలసి వచ్చింది. దానిని వదిలేసిన రోజుల్లో తరగతి చివర కలిగే నెమ్మది తగ్గినట్టు స్పష్టంగా తెలిసింది. అందులో శరీరం చేస్తున్న పని ఏమిటని పరిశీలించినప్పుడు, ఓంకారం పలికేవారి నిశ్వాసం మామూలు కంటే ఎంతో దీర్ఘంగా ఉంటుందన్న సంగతి గ్రహించాను. ఊపిరి పీల్చేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరగడం, వదిలేటప్పుడు తగ్గడం ఆరోగ్యవంతులలో సహజంగా జరిగేదే. మెదడు నుంచి గుండె దాకా వెళ్లి దాని వేగాన్ని తగ్గించే వేగస్ నరం ప్రభావం ఇందులో ప్రధానం. అందుచేత నేను ఆ అక్షరాన్ని వదిలి, దీర్ఘ నిశ్వాసాన్ని ఉంచుకున్నాను. సూర్య నమస్కారాల విషయంలోనూ ఇదే చేశాను: పన్నెండు భంగిమలు ఉన్నాయి, సూర్యుని నామాలు లేవు. ఆ నామాలు మనసును కదలికకు కట్టిపడేసే పని కూడా చేస్తున్నాయి కాబట్టి, ఆ స్థానంలో ప్రతి కదలికనూ ఒక ఉచ్ఛ్వాసంతోనో నిశ్వాసంతోనో కచ్చితంగా జతపరిచాను. ఒక ముక్కు రంధ్రంతో పీల్చి మరొకదానితో వదిలే నాడీశోధనం, యోగంలో చెప్పే ఇడా పింగళ నాడుల ప్రస్తావన లేకుండానే నెమ్మదినిస్తుంది. ఊపిరి బిగబట్టే కుంభకం మాత్రం నేను చేయను. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు శ్వాసను బంధించకపోవడమే మంచిదని మంచి గురువులందరూ చెబుతారు.

ఆసనాల వల్ల నడుము నొప్పి తగ్గింది, నిద్ర కొంత మెరుగైంది. పాత సంభాషణలు మాత్రం మనసులో సాగుతూనే ఉన్నాయి. అప్పుడు ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ ఒకదానిలో చేరాను. దీని మూలరూపాన్ని 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులతో, ఒత్తిడితో బాధపడే రోగుల కోసం రూపొందించారు. పడుకుని శరీరంలోని ఒక్కొక్క భాగం మీదా దృష్టి నిలుపుకుంటూ పోవడం, కూర్చుని శ్వాసను గమనించడం, తేలికపాటి హఠయోగం అందులో కలిసి ఉంటాయి. యోగాన్నీ బౌద్ధ ధ్యానాన్నీ మత దీక్షతో పనిలేకుండా ఒకే చోట నేర్పిన పద్ధతి నాకంటే ముందే ఉందని తెలిసి ధైర్యం కలిగింది.

శ్వాసను గమనించడమంటే ఏమిటో ఇక్కడ కొంచెం దగ్గరగా చెప్పాలి. బుద్ధుని సతిపట్ఠాన సుత్తంలో ఒక పోలిక ఉంది. తరిమెన మీద కొయ్యను తిప్పుతూ నునుపు చేసే నేర్పు గల పనివాడు పొడవుగా తిప్పినప్పుడు పొడవుగా తిప్పుతున్నానని, పొట్టిగా తిప్పినప్పుడు పొట్టిగా తిప్పుతున్నానని ఎరిగి ఉన్నట్టే, సాధకుడు దీర్ఘశ్వాసను దీర్ఘమని, హ్రస్వశ్వాసను హ్రస్వమని ఎరిగి ఉండాలని అది చెబుతుంది. ఇక్కడ ప్రాణాయామంలో లాగా శ్వాసను దిద్దే పని లేదు. మొదట్లో నేను చూడడం మొదలుపెట్టగానే శ్వాస కృత్రిమంగా మారిపోయేది. చూపుకూ పెత్తనానికీ ఉన్న తేడా తెలియడానికి వారాలు పట్టింది. ఆ తర్వాత దురదతో పాఠం మొదలైంది. ముక్కు పక్కన ఎక్కడో చీమ నడిచినట్టు ఉంటుంది. చేయి ఇంకా కదలలేదు, కాని భుజంలో కదలబోయే సన్నాహం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. గోకకుండా చూస్తూ ఉంటే ఆ దురద పెరిగి, చురుక్కుమని, ఒక చోటి నుంచి పక్కకు జరిగి, ఇక భరించలేననుకున్న సమయానికి దానంతట అదే పలచబడిపోతుంది. దురద వేరు, గోకాలన్న తహతహ వేరు అని అక్కడ కంటికి కట్టినట్టు తెలిసింది. ఆ సుత్తం వేదన అని పిలిచేది సుఖం, దుఃఖం, ఆ రెండూ కాని మూడవ స్థితి అన్న అనుభూతినే. దాన్ని స్పందనగా మారకముందే పట్టుకోవడం నేర్చుకుంటే నిత్యజీవితంలో ఏమవుతుందో నేను చూశాను. నన్ను నొప్పించే ఉత్తరం చదివినప్పుడు ఛాతీలో వేడి, దవడలో బిగువు ముందు వస్తాయి. జవాబు రాయబోయే వేళ్లు ఆ తర్వాత కదులుతాయి. ఆ రెండింటికీ మధ్య ఉన్న వ్యవధి ఎంత చిన్నదైనా, అది ఉందని తెలిశాక రాత్రి సంభాషణల బలం క్రమంగా తగ్గింది.

కొంత కాలానికి పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లాను. బర్మాలో సయాగ్యీ ఊ బా ఖిన్ వద్ద నేర్చుకున్న ఎస్.ఎన్. గోయెంకా 1969లో భారతదేశానికి తెచ్చిన పద్ధతి అది. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. రోజుకు దాదాపు పది గంటలు ధ్యానంలో కూర్చోవాలి. తోటివారితో మాట గాని, సైగ గాని ఉండకూడదు. మొదటి రోజుల్లో శ్వాసను గమనించే ఆనాపానం, తర్వాత శరీరమంతటా సంవేదనలను వరుసగా చూసే విపశ్యన, చివర మైత్రీ భావన. ప్రారంభంలోనే బుద్ధుని, ధర్మాన్ని, సంఘాన్ని శరణు కోరడం, శీలాలను, అంటే నీతి నియమాలను, స్వీకరించడం ఉంటాయి. నమ్మకం లేకుండా శరణు కోరడం అబద్ధం అవుతుందేమోనని చాలాసేపు ఆలోచించాను. ఈ పది రోజులూ ఈ పద్ధతిని కల్తీ చేయకుండా, నా సొంత తెలివితేటలు కలపకుండా ఆచరిస్తానన్న ప్రతిజ్ఞగా ఆ మాటలను పలకగలనని నిశ్చయించుకున్నాక పలికాను. ఆ మాత్రం కూడా పలకలేనని అనుకునేవారు ఇలాంటి శిబిరానికి వెళ్లకుండా వేరే చోట నేర్చుకోవడమే ఆ సంప్రదాయం పట్ల మర్యాద అని నా అభిప్రాయం.

గంటసేపు కదలకుండా కూర్చునే అధిష్ఠాన సమయాల్లో నాకు ఎడమ మోకాలిలో నొప్పి వచ్చేది. దూరం నుంచి చూస్తే అది ఒకే ముద్ద. దాని మీదే దృష్టి నిలిపినప్పుడు అందులో ఒక వేడి, ఒక నాడీస్పందన, అంచుల దగ్గర లాగుతున్నట్టుండే బిగువు విడివిడిగా కనిపించాయి. అవి క్షణానికొకలా మారుతున్నాయి. ఇంకా ఎంతసేపు అన్న ఆందోళన మోకాలిలో లేదని, అది వేరే తావున పుడుతున్నదని కూడా తెలిసింది. పాత సంస్కారాలు, అంటే గత కర్మలు మనసులో మిగిల్చిన ముద్రలు, పైకి వచ్చి క్షయమవుతాయని అక్కడ ఇచ్చిన వివరణను నేను స్వీకరించలేదు. ఉపేక్షతో, అంటే ఇష్టద్వేషాలు లేని సమభావంతో, చూడమన్న సూచనను మాత్రం పూర్తిగా పాటించాను, ఎందుకంటే ఆ సూచన ఆ వివరణ మీద ఆధారపడి లేదు. లేచాక కూడా తగ్గని నొప్పి, కాలు మొద్దుబారి బలం తప్పడం వంటివి కనిపిస్తే కదలవలసిందే. కీలుకు జరుగుతున్న హాని పట్టుదలతో నయం కాదు.

యోగం, బౌద్ధం రెండింటినీ కలిపి సాధన చేసేవారు తప్పించుకోలేని ప్రశ్న మరొకటి ఉంది. యోగదర్శనం సాంఖ్యమనే ప్రాచీన దర్శనాన్ని అనుసరించి నిత్యుడైన పురుషుణ్ణి, అంటే మార్పు లేని సాక్షిని అంగీకరిస్తుంది. బుద్ధుడు అలాంటి నిత్యమైన ఆత్మ దేనినీ అంగీకరించలేదు. లౌకికంగా సాధన చేసేవారికి ఈ తగవుతో పని లేదని కొందరు అంటారు గాని, అది సాధనలోకి కూడా వస్తుంది. పతంజలి చెప్పిన ధారణ చిత్తాన్ని ఒక్క చోట కట్టి ఉంచమంటుంది. చిత్తవృత్తులు, అంటే మనసులో లేచే కదలికలు, ఆగడమే అక్కడ లక్ష్యం. విపశ్యన మాత్రం వచ్చే వృత్తులను వచ్చినట్టు, పోయేవాటిని పోయినట్టు చూడమంటుంది. ఒకే ఆసనం మీద కూర్చుని కాసేపు అదీ కాసేపు ఇదీ చేస్తే రెండూ చెడతాయి కాబట్టి, నేను ఏ పూట ఏది చేయాలో కూర్చోకముందే నిర్ణయించుకుంటాను. చూస్తున్న ఆ సాక్షి ఎవరన్న ప్రశ్నకు జవాబు ముందే తెచ్చుకుని కూర్చోను. ఈ రెండు దారులూ కలిసే చోటు కూడా ఉంది. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అన్న నాలుగూ యోగసూత్రాల మొదటి పాదంలో చిత్త ప్రసాదానికి ఉపాయంగా ఉన్నాయి. ఆ నాలుగింటినే బౌద్ధంలో బ్రహ్మవిహారాలు, అంటే పెంపొందించుకోవలసిన ఉత్తమ మనోభావాలు, అంటారు. ఇతరుల సుఖం చూసి సంతోషించే ముదిత నాకు అన్నిటికంటే కష్టమైనది. తోటివారి విజయం గురించి విన్నప్పుడు ఛాతీలో కలిగే చిన్న ముడుచుకోలును చూడకుండా దానిని సాధన చేయలేము.

నేను అత్యధికంగా ఆలోచించినది శీలం గురించి. మతాన్ని పక్కన పెట్టేవారు నీతి నియమాలను కూడా మతంలో భాగంగానే లెక్కగట్టి, శ్వాసను, ఏకాగ్రతను మాత్రం తీసుకుంటారు. యోగంలోని యమాలు అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. పంచశీలాలు హింస, దొంగతనం, లైంగిక దురాచారం, అసత్యం, మత్తు పదార్థాలను మానమంటాయి. నాలుగింట ఈ రెండు జాబితాలూ ఇంచుమించు కలుస్తాయి. నా రెండు ప్రశ్నలనూ ఇక్కడ వేసి చూస్తే, అబద్ధం ఆడకుండా ఉండడానికి దేన్నీ నమ్మవలసిన పని లేదు. పైగా, అది లేకపోతే మిగిలిన సాధన నిలబడదని కూర్చున్నప్పుడే తెలుస్తుంది. పగలు ఎవరి దగ్గరో మాట మార్చి తప్పించుకున్న సాయంత్రం, ధ్యానంలో మొట్టమొదట తలెత్తేది ఆ మాటే. ధ్యానాన్ని అడ్డగించే ఐదు నీవరణాలలో చంచలత్వాన్ని, పశ్చాత్తాపాన్ని కలిపి ఒక్కటిగా లెక్కించిన ప్రాచీనులు దీనిని ఎంత నిశితంగా చూశారో ఆ సాయంత్రాలలోనే నాకు అర్థమైంది. శీలం లేని ఏకాగ్రత ఎవరి చేతిలో ఎలాగైనా ఉపయోగపడుతుంది. ఉద్యోగుల చేత ఎదురు చెప్పకుండా మరింత పని చేయించుకోవడానికి ధ్యానాన్ని నేర్పించే సంస్థలను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. అందువల్ల నా లౌకిక సాధనలో దేవుడు లేడు గాని, శీలం ఉంది. ఆసనం కంటే, శ్వాస కంటే ముందు ఉంది.

నమ్మకాలను వదిలిన చోటును విజ్ఞానశాస్త్రం పేరుతో కొత్త నమ్మకాలతో నింపడం కూడా నాకు సమ్మతం కాదు. ధ్యానం అన్ని రోగాలనూ నయం చేస్తుందని రుజువైపోయినట్టు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. రుజువులున్నవి కొన్ని నిర్దిష్టమైన సందర్భాలకే. పదే పదే కుంగుబాటుకు లోనైన వారిలో అది తిరగబెట్టకుండా చూడడానికి, ఎరుక (మైండ్‌ఫుల్‌నెస్) మీద ఆధారపడిన చికిత్సను బ్రిటన్‌లోని జాతీయ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2004లోనే సిఫారసు చేసింది. దానిని పట్టుకుని మందులు మానేయమని చెప్పడం ప్రమాదకరం. దీర్ఘమైన మౌన శిబిరాల్లో కొందరికి తీవ్రమైన ఆందోళన కలుగుతుంది, పాత గాయాల జ్ఞాపకాలు అదుపు తప్పి పైకి వస్తాయి. శీర్షాసనం వంటి తలకిందుల ఆసనాలలో కంటిలోని ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి గ్లకోమా ఉన్నవారు వాటికి దూరంగా ఉండాలి.

మూలాన్ని దాచిపెట్టడాన్ని లౌకికత అనలేము. ఈ విషయంలో అమెరికా న్యాయస్థానాల ముందుకు వచ్చిన రెండు వ్యాజ్యాలు నాకు చాలా నేర్పాయి. న్యూజెర్సీ ప్రభుత్వ పాఠశాలల్లో ప్రవేశపెట్టిన అతీంద్రియ ధ్యానం (ట్రాన్సెండెంటల్ మెడిటేషన్) అనే మంత్రధ్యాన పాఠాలను మతబోధనగా పరిగణిస్తూ ఇచ్చిన తీర్పును 1979లో అప్పీలు న్యాయస్థానం సమర్థించింది. ప్రతి విద్యార్థికీ మంత్రం ఇచ్చే ముందు జరిపే పూజ అక్కడ ముఖ్యమైన అంశమైంది. కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్ పాఠశాలల్లో పిల్లలకు నేర్పిన యోగం మతం కాదని 2013లో వచ్చిన తీర్పు 2015లో అప్పీలులోనూ నిలిచింది. యోగానికి మత మూలాలున్నాయని ఒప్పుకుంటూనే, అక్కడ నేర్పిన తీరులో మతం లేదని ఆ న్యాయమూర్తి తేల్చారు. ఒక విద్య ఎక్కడ పుట్టిందన్నది వేరు, ఇప్పుడు ఇక్కడ చేయిస్తున్నది ఏమిటన్నది వేరు అన్న ఈ భేదమే నా రెండు ప్రశ్నలకూ ఆధారం. పుట్టిన చోటును చెప్పుకోవడంలో నాకు సంకోచం లేదు. చెప్పకపోతే అది అరువు సొమ్మును సొంతమని చాటుకోవడమే అవుతుంది.

నిర్వాణం, కైవల్యం నా సాధనకు లక్ష్యాలు కావు. వాటి కోసమే జీవితాన్ని ధారపోసిన భిక్షువులు, యోగులు భద్రపరచి అందించిన పద్ధతులనే నేను వాడుకుంటున్నానని మాత్రం ప్రతిరోజూ గుర్తు చేసుకుంటాను. వారికున్న శ్రద్ధ నాకు లేనందువల్ల కలిగే నష్టం కూడా నాకు తెలుసు. మనసు పొడిబారిన రోజుల్లో వారిని కూర్చోబెట్టే విశ్వాసం నా దగ్గర లేదు, కాబట్టి నాకు తోడు అవసరమైంది. శరణు కోరే మూడింటిలో సంఘం ఎందుకుందో నాకు అలా తెలిసివచ్చింది.

ఇప్పుడు కొద్దిమందిమి కలిసి వారానికి ఒకసారి కూర్చుంటాము. మాలో భక్తులున్నారు, నాస్తికులున్నారు, చర్చికి వెళ్లేవారు, నమాజు చేసేవారు కూడా ఉన్నారు. శ్వాస మీద దృష్టి నిలపమన్న సూచన అందరికీ ఒకటే. కళ్లు మూసుకున్నాక ఎవరు లోపల ఏ నామం తలుచుకుంటారో ఎవరూ అడగరు. కొత్తగా వచ్చినవారికి ఈ పద్ధతి ఏ సంప్రదాయం నుంచి వచ్చిందో, అందులో మేము ఏమేమి పక్కన పెట్టామో మొదటి రోజే చెబుతాము. శీలం గురించి చెబుతాము. మోకాలి, వెన్ను, కంటి సమస్యలు గాని, మానసిక చికిత్స తీసుకుంటున్న సంగతి గాని ఉంటే ముందుగా వైద్యులను సంప్రదించి రమ్మంటాము. నేలమీద కూర్చోలేనివారికి కుర్చీ వేసి, మొదటిసారి పది నిమిషాలకు మించి కూర్చోబెట్టము.